గ్లాసులో ఎంత, బిడ్డలో ఎంత



ఈ ఊరి బడిలో మాకు సైన్సు చెప్పిన అయివారిని తలచుకొనే సభ ఇది. ఇందులో మాట్లాడమని పిలుపు వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఒక మామిడికాయ. నేను ఏడో తరగతిలో ఉండగా ఆయన ఒకరోజు మాగిన బెంగళూరా కాయను తెచ్చి బల్లమీద పెట్టారు. తొడిమ దగ్గర బొటనవేలి గోరంత నల్లమచ్చ ఉంది. "ఇది తినొచ్చునా?" అని అడిగారు. మచ్చ తీసేసి తినొచ్చునని అందరమూ ఒక్క గొంతుతో అన్నాం. ఇళ్ళల్లో చూసింది అదే కదా. ఆయన కత్తితో కాయను తొడిమ నుంచి కొన దాకా నిలువునా చీల్చారు. పైన మచ్చ గోరంతే. లోపల మాత్రం టెంక వెంబడి గోధుమరంగు చార సగం కాయ దాకా దిగి ఉంది. "మీరు చూసింది వాకిలిరా. ఇల్లు లోపలుంది" అన్నారు.

ఆ తర్వాత ముప్పై ఏండ్లకు పైగా ఆహార పరీక్షల పనిలో ఉన్నాను. పండ్ల రసాలలో బూజు విడిచే విషాలను వెతకడం, కొలవడం నా పని. చేసినన్నాళ్ళూ చేసింది ఆయన చీల్చిన కాయనే మళ్ళీ మళ్ళీ చీల్చడం అని ఇప్పుడు అనిపిస్తుంది. అందుకే ఈ విషయం ఎంచుకొన్నాను. తెలుగులోనే చెప్తానని పట్టుబట్టడానికీ ఒక కారణముంది. మా పరీక్షల కాగితాలు ఇంగ్లీషులో వస్తాయి, ఆఫీసు ఉత్తర్వులు తమిళంలో వస్తాయి. హోసూరు, కృష్ణగిరి వైపున్న ఈ మొరసునాటిలో బిడ్డకు గ్లాసు అందించే తల్లి ఇంట్లో మాట్లాడేది తెలుగు. ఆ కాగితంలోని అంకె ఆమె మాటలోకి రాకపోతే ఆ అంకె ఎవరి కోసం రాసినట్టు?

బూజు గురించి మనకు తెలియనిదేమీ లేదు. వేరుశెనగ పండించే నాడు మనది, తడిసిన గింజకు ఏమవుతుందో అందరూ ఎరుగుదురు. బూజు వేరు, బూజు విషం వేరు. బూజు కనబడుతుంది, తుడిస్తే పోతుంది, కాస్తే చస్తుంది. అది బతికినన్నాళ్ళూ వదిలిన కొన్ని రసాయనాలు మాత్రం అది చచ్చాక కూడా నిలిచి ఉంటాయి. రంగు ఉండదు, వాసన ఉండదు. వాటి సంగతి మన దేశం నేర్చుకొన్నది చాలా నష్టపోయి. 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిన్నవాళ్ళకు కామెర్లు, పొట్ట ఉబ్బరం వచ్చాయి. నూరుమందికి పైగా చనిపోయారు. ఆ మొక్కజొన్నలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం ఉందని పట్టుకొన్నది మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు. కృష్ణమాచారి, రమేశ్ భట్, నాగరాజన్ మొదలైనవారు రాసిన ఆ వ్యాసం 1975లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఊళ్ళో కుక్కలు కూడా అవే లక్షణాలతో చచ్చిపోవడం వాళ్ళకు దారి చూపిన ఆనవాళ్ళలో ఒకటి. మనుషులు తిన్నదే అవీ తిన్నాయి.

గింజలలో విషం మీద మనకు అంత చరిత్ర ఉంది. పండ్ల రసం మీద చూపు ఆలస్యంగా పడింది. అక్కడ ముఖ్యమైన పేరు పాటులిన్. యాపిల్‌ను మెత్తగా కుళ్ళబెట్టి నీలిపచ్చ పొడిలా కమ్ముకొనే పెనిసిలియం ఎక్స్‌పాన్సం అనే బూజు దీన్ని ఎక్కువగా చేస్తుంది. చలిగిడ్డంగిలో సున్నా డిగ్రీల దగ్గర కూడా అది నెమ్మదిగా పెరగగలదు. కనుక కశ్మీరులో, హిమాచల్‌లో కోసి నెలల తరబడి చల్లగా దాచి మన దాకా తెచ్చే పండులో దానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది.

ఈ పాటులిన్ పుట్టుక చాలామందికి తెలియదు. పెనిసిలిన్ వెంటే, రెండో ప్రపంచయుద్ధ కాలంలో, ఇది మందు అవుతుందని నమ్మారు. ఒక్కో ప్రయోగశాల ఒక్కో పేరు పెట్టింది. జలుబును తగ్గిస్తుందని మాట రాగా 1943-44లో బ్రిటన్ వైద్య పరిశోధన మండలి వెయ్యిమందికి పైగా ఫ్యాక్టరీ, ఆఫీసు ఉద్యోగుల మీద పరీక్షించింది. ఎవరికి మందు అందిందో, ఎవరికి ఉత్త ద్రావణం అందిందో రోగికీ తెలియదు, వైద్యుడికీ తెలియదు. అలా నడిపిన తొలి పెద్ద పరీక్షల్లో అదొకటి. జలుబుకు ఏ మేలూ చేయలేదని తేలింది. జంతువుల మీద దాని విషగుణం తర్వాత బయటపడింది. మందని ఆశించి విషమని నేర్చుకొన్న ఈ కథలో నేను గౌరవించేది ఆ నిజాయితీని. తాము ఆశించిన జవాబు రాకపోయినా వచ్చిన జవాబును అచ్చువేశారు.

యాపిల్ మన పంట కాదు, మన సంగతి ఎందుకు చెప్పవని మీరు అడగవచ్చు. 2004లో ధర్మపురి నుంచి విడిపోయిన ఈ కృష్ణగిరి జిల్లా, పక్కనున్న చిత్తూరు జిల్లా కలిసి దేశంలో మామిడి గుజ్జుకు పెద్ద పట్టు. తోతాపురి, ఇక్కడి మాటలో బెంగళూరా, మే నుంచి ఆగస్టు దాకా లారీల్లో, ట్రాక్టర్లలో గుజ్జు ఫ్యాక్టరీలకు చేరుతుంది. అక్కడ మాగబెట్టి, కడిగి, ఏరి, చెడిన చోటు కోసి, టెంక తీసి, గుజ్జు పిండి, వేడిచేసి, గాలి సోకకుండా డ్రమ్ముల్లో నింపుతారు. ఆ డ్రమ్ము ఎన్ని దేశాలకు వెళ్తుందో!

ఈ వరుసలో నేను ఎక్కువసేపు నిలబడి చూసేది కోతబల్ల దగ్గర. మా చుట్టాలలో ఒక అక్క ఎన్నో సీజన్లు ఆ పని చేసింది. ఒకరోజు ఆమె పక్కన నిలబడ్డాను. కాయను ఎడమ అరచేతిలో తిప్పుతుంది, తొడిమ వైపు ఒక చెక్క తీస్తుంది, కోసిన చోటును బొటనవేలితో ఒకసారి నొక్కుతుంది, తొట్టిలో వేస్తుంది. కొన్నింటిని చూడకుండానే పక్క బుట్టలోకి విసిరేస్తోంది. ఎలా తెలుస్తుందక్కా అన్నాను. "కంటికంటే ముందు కత్తికి తెలుస్తుంది నాయనా. కుళ్ళిన చోట అడ్డం లేకుండా దిగిపోతుంది" అంది. కాసేపాగి, "గంటకిన్ని క్రేట్లని పైనుంచి తరుముతా ఉంటే కత్తి చెప్పేది వినేదానికి పొద్దెక్కడిది?" అని కూడా అంది.

పాటులిన్ గురించి పుస్తకాలు చెప్పేదంతా ఆ రెండు మాటల్లో ఉంది. ఈ విషం పులుపులో చెక్కుచెదరదు, పండ్ల రసాలన్నీ పులుపే. పాశ్చరైజేషన్ వేడికి అది పోదు. వడపోస్తే కొంత తగ్గవచ్చు గానీ పూర్తిగా పోదు. ఈస్టుతో పులియబెడితే విరుగుతుంది, అందుకే పులియబెట్టిన యాపిల్ పానీయంలో తక్కువ. కానీ బిడ్డకిచ్చే రసాన్ని ఎవరూ పులియబెట్టరు. కుళ్ళిన భాగం రసంలో కలవకముందు, అంటే కోతబల్ల మీద, దాన్ని ఆపాలి. ఆ చోటు దాటాక మిగిలేది కొలవడమే. ప్రయోగశాలలో నా పని మొదలయ్యేసరికి ఆ అక్క పని జరిగిపోయి ఉంటుంది, బాగానో, తొందరలోనో.

మామిడిలో యాపిల్లో ఉన్నంత పాటులిన్ ఉంటుందని నేను అనడం లేదు. మామిడికి దాని బూజులు దానికున్నాయి. తొడిమకుళ్ళు తెచ్చేది ఒకటి, నల్లపొడి రాల్చే ఆస్పర్జిల్లస్ నైజర్ ఒకటి, ఆల్టర్నేరియా ఒకటి. గుజ్జు పరిశ్రమను వణికించేది మరొకటి, బిస్సోక్లామిస్. ఇది మట్టిలో ఉంటుంది. దాని బీజాలు తొంభై డిగ్రీల వేడిని కూడా కొన్ని నిమిషాలు ఓర్చుకొని, మూసిన సీసాలో గాలి చాలా తక్కువగా ఉన్నా మొలకెత్తగలవు. ఆ జాతిలో కొన్ని పాటులిన్ చేయగలవు. మట్టి కాయకు ఎలా అంటుతుంది? గాలివానకు రాలి నేలమీద పడి. రాలిన కాయను వేరుగా ఉంచాలని, బాగా కడగాలని పెద్దలు చెప్పడం వెనుక ఇంత శాస్త్రం ఉంది. చట్టం మాత్రం మామిడి దగ్గర మాట్లాడదు. 2011 నాటి మన ఆహార భద్రత నియమాల్లో పాటులిన్ పరిమితి యాపిల్ రసానికి, ఇతర పానీయాల్లో కలిపే యాపిల్ రసానికి రాసి ఉంది: కిలోకు 50 మైక్రోగ్రాములు. గ్రామును పది లక్షల వంతులు చేస్తే ఒక వంతు మైక్రోగ్రాము. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంఘం కోడెక్స్ పెట్టిన అంకె కూడా అదే. ద్రాక్షకు ఓక్రటాక్సిన్ అనే వేరే విషం ఉంది. వానకు పగిలిన గుత్తుల్లో నల్ల ఆస్పర్జిల్లస్‌లు దాన్ని చేస్తాయి. పొరుగునున్న చిక్కబళ్ళాపురం వైపు బెంగుళూరు బ్లూ ద్రాక్ష విరివిగా పండుతుంది, దాని రసం మనవాళ్ళు ఇష్టంగా తాగుతారు. యూరప్‌లో ద్రాక్షరసంలో ఓక్రటాక్సిన్ కిలోకు 2 మైక్రోగ్రాములు దాటకూడదు. పాటులిన్ కోసం చేసే పరీక్షకు ఈ ఓక్రటాక్సిన్ కనబడదు. ఏది వెతికితే అదే దొరుకుతుంది.

ఇప్పుడు ప్రయోగశాల బల్ల దగ్గరికి వద్దాం. రసాన్ని గాజు గరాటుబుడ్డిలో పోసి ఇథైల్ ఎసిటేట్ కలిపి కుదిపితే పాటులిన్ రసాన్ని వదిలి దానిలోకి ఎక్కుతుంది. కాసేపు నిలబెడితే ఎసిటేట్ పైన తేటగా తేలుతుంది, కింద రసం మిగులుతుంది. పై పొరను తీసి సోడియం కార్బొనేట్ నీళ్ళతో కడగాలి, అడ్డొచ్చే ఇతర పదార్థాలు దిగిపోవడానికి. ఇక్కడే చేయి వణకకూడదు. పులుపులో అంత మొండిదైన పాటులిన్ ఈ సోడానీళ్ళలో ఇట్టే విరిగిపోతుంది. ఫోను మోగిందని రెండు నిమిషాలు అటు వెళ్ళివస్తే విషం బుడ్డిలోనే తగ్గిపోయి, కాగితం మీద "లేదు" అని వస్తుంది. అందుకే వెంటనే వేరుచేసి, ఎసిటిక్ ఆమ్లపు చుక్క తగిలించి, ఆవిరిచేసి, పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రానికి ఎక్కిస్తాం. 276 నానోమీటర్ల కాంతిని పాటులిన్ పట్టుకొంటుంది, తెరమీద చిన్న కొండలా లేస్తుంది, మన సూళగిరి కొండలాగే నిటారుగా. ఆ కొండకు సరిగ్గా ముందు మరో కొండ లేస్తుంది. దాని పేరు హెచ్‌ఎంఎఫ్, చక్కెర ఉన్న రసాన్ని వేడిచేసినప్పుడు పుట్టే పదార్థం.

నా తొలి ఏండ్లలో ఈ రెండు కొండలను నేను ఒకటిగా చూశాను. యంత్రంలో పదార్థాలను విడదీసే గొట్టాన్ని కాలమ్ అంటాం; అరిగిపోయిన కాలమ్ అవి రెండూ విడిపోనంతగా కలిపేసింది. ఒక చిన్న ఉత్పత్తిదారుడి యాపిల్ రసం పరిమితి దాటిందని రాసి సంతకం పెట్టాను. ఆయన సరుకు ఆగిపోయింది. వారం దాటాక మా పెద్దాయన కొత్త కాలమ్ మీద మళ్ళీ నడిపితే అందులో చాలా మటుకు హెచ్‌ఎంఎఫ్ అని తేలింది. ఆ మనిషి మా ఆఫీసు వరండాలో కూర్చొని ఎదురుచూసిన రోజులను నేను మరచిపోలేదు. అప్పటి నుంచి ఆ కొండ కాంతిని పట్టుకొనే తీరు పాటులిన్ తీరుతో సరిపోలకుండా, తెలిసిన మోతాదు పాటులిన్ కలిపిన రసాన్ని పక్కనే నడపకుండా, ఏ అంకె మీదా సంతకం పెట్టలేదు. కలిపిన పదిలో ఏడే తిరిగి వచ్చిందంటే మిగతా మూడు ఏమైనట్టు? ఆ ప్రశ్నకు జవాబు లేని కాగితాన్ని నమ్మకూడదు.

వేరుశెనగకూ రసానికీ ఒక తేడా చెప్పాలి. శెనగ బస్తాలో విషం కొద్ది గింజల్లోనే ఉంటుంది. మీరు తీసిన పిడికిట్లో ఆ గింజ పడితే బస్తా విషమంటారు, పడకపోతే బంగారమంటారు. అక్కడ నమూనా తీయడమే పెద్ద విద్య. రసం అలా కాదు, కుళ్ళిన నాలుగు పండ్ల విషం తొట్టి అంతా సమంగా కలిసిపోతుంది. ఏ గ్లాసు ముంచినా అంకె దాదాపు అదే. కొలిచేవాడికి ఇది సులువు. తాగేవాడికి మాత్రం ఏరుకొని పారేయడానికి ఏమీ మిగలదు.

అంకె వచ్చింది, 50కి లోపే ఉంది. అంతటితో పని అయిపోయిందా? నా మనసులోని ముఖ్యమైన మాట ఇదే: గ్లాసులో ఎంత ఉందనేది సగం ప్రశ్న. బిడ్డలోకి ఎంత వెళ్ళిందనేది అసలు ప్రశ్న. 1995లో ఆహార, వ్యవసాయ సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థల నిపుణుల సంఘం పాటులిన్‌కు రోజువారీ హద్దు పెట్టింది. ఎలుకలకు ఏ హానీ కనబడని మోతాదు, కిలో బరువుకు రోజుకు 43 మైక్రోగ్రాములు. దాన్ని నూరుతో భాగించి 0.4 అన్నారు. ఇప్పుడు లెక్క చూడండి. రసంలో సరిగ్గా 50 ఉందనుకొందాం. 200 మిల్లీలీటర్ల గ్లాసులో 10 మైక్రోగ్రాములు. 65 కిలోల మనిషికి హద్దు 26. అరలీటరు తాగినా హద్దులోనే ఉన్నాడు. 15 కిలోల బిడ్డకు హద్దు 6. అదే గ్లాసు, అదే రసం, చట్టప్రకారం సరైన రసం, బిడ్డ హద్దు దాటింది. 120 మిల్లీలీటర్ల దగ్గర ఆగి ఉండాల్సింది.

ఇది విని ఎవరూ భయపడవద్దు. నూరు రెట్ల జాగ్రత్త ఆ హద్దులోనే ఉంది. అది జీవితమంతా రోజూ తాగినా ఫరవాలేదనే హద్దు, ఒక్క గ్లాసుకు పెట్టింది కాదు. ఎక్కువ రసాల్లో 50 దరిదాపుకు కూడా రాదు. ఆ సంఘమే అప్పట్లో వేసిన అంచనాలో బిడ్డలకు చేరేది కిలోకు 0.2, పెద్దలకు 0.1, రెండూ హద్దుకు లోపలే. క్యాన్సర్ తెస్తుందనడానికి ఆధారం చాలదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీన్ని మూడో వర్గంలో ఉంచింది. అయినా యూరప్ పసిబిడ్డల రసానికి వేరుగా 10 అని గీత గీసింది. మన బిడ్డలు తాగేది పసిబిడ్డలదని ముద్రవేసిన సీసా కాదు, పెద్దవాళ్ళ కోసం పిండిన గ్లాసే. అందుకే ఇక్కడ బిడ్డ బరువును లెక్కలోకి తేకుండా పెద్దల అంకెతో సరిపెట్టడం నాకు ఒప్పుకాదు.

బిడ్డకు ఎంత చేరిందో చెప్పాలంటే రెండు తెలియాలి, రసంలో ఎంత ఉంది, ఎంత రసం తాగారు. మొదటిదానిలో ఒక చిక్కుంది. చాలా నమూనాలకు యంత్రం "కనబడలేదు" అంటుంది. కనబడలేదంటే సున్నా అని కాదు, యంత్రం చూపు ఆనే హద్దుకు కింద ఉందని. దాన్ని సున్నాగా వేస్తే బిడ్డకు చేరేది తక్కువ తేలుతుంది, చూపు హద్దు దగ్గరే ఉందని వేస్తే ఎక్కువ తేలుతుంది. నిజాయితీ ఉన్నవాడు రెండు లెక్కలూ రాసి రెండు అంకెలూ చూపిస్తాడు. ఆ రెంటికీ నడుమ దూరం పెద్దదైతే యంత్రానికి ఇంకా మంచి చూపు కావాలని అర్థం.

రెండోది ఇంకా కష్టం. మార్కెట్లో తాగడానికి సిద్ధంగా దొరికే మామిడి పానీయంలో పండు పదోవంతు ఉంటే చాలునని నియమం. రోడ్డు పక్క పిండిచ్చే రసంలో పండు చాలా ఎక్కువ. రెంటినీ "జ్యూసు" అనే అంటాం. ఎంత తాగావురా అని అడిగితే "ఒక గ్లాసు" అంటారు. ఏ గ్లాసు? 1972లో హైదరాబాదు పోషకాహార సంస్థ కేంద్రంగా మొదలైన జాతీయ పోషకాహార పర్యవేక్షణ విభాగం ఆంధ్రలోనూ తమిళనాడులోనూ ఇంటింటికీ కొలగిన్నెలు పట్టుకెళ్ళింది. నిన్న పొద్దున్నుంచి ఏం తిన్నారమ్మా అని అడిగి, గిన్నెల్లో చూపించమని కొలిచి రాసుకొనేవాళ్ళు. అంత ఓపిక పండ్ల రసం మీద ఎవరైనా ఇక్కడ పెట్టాలి.

ధర గురించి కూడా ఒక మాట. 2025 వేసవిలో తోతాపురి ధర కూలిపోయింది. చిత్తూరు జిల్లాలో ఫ్యాక్టరీలు 8 రూపాయలు, రాష్ట్ర ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం కిలోకు 12 ఇవ్వాలని నిర్ణయించారు. పొరుగు రాష్ట్రాల కాయ రాకుండా అడ్డుకట్ట వేశారు. అలాంటి ఏడు కాయ బండిమీదే ఎండలో నిలబడిపోతుంది. నిలబడిన కాయ తనంతట తానే మాగుతుంది, అడుగున ఉన్నది నలుగుతుంది, నలిగిన చోట బూజుకు దారి దొరుకుతుంది. రైతు చేతికి నాలుగు రూపాయలు తక్కువ వచ్చిన ఏడు కోతబల్ల మీద పక్కబుట్ట త్వరగా నిండుతుంది. ఆ బుట్టను ఎక్కడ కుమ్మరిస్తారో చూసే మనిషి ఉండాలి. బూజు విషం పరీక్షను రైతు ధర నుంచి విడదీసి నేను ఆలోచించలేను.

ఎగుమతి డ్రమ్ముకు ఒక కాగితం వెంట వెళ్తుంది, కొనేవాడు అడుగుతాడు కనుక. హోసూరు రోడ్డు మీద గ్లాసు అందుకొనే బిడ్డ ఏ కాగితమూ అడగదు. వచ్చే మే నెలలో, ఈ బడి పిల్లలు కొందరూ నేనూ కలిసి సూళగిరి నుంచి హోసూరు దాకా జాతీయ రహదారి వెంబడి రసం నమూనాలు తీయాలనుకొన్నాం. ఐసుపెట్టె, కొలగిన్నె, తూకం వెంట ఉంటాయి. దుకాణం గ్లాసు ఎంత పడుతుందో, అందులో రసమెంత, ఐసెంత, తాగిన బిడ్డ బరువెంత, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకొంటాం. దుకాణాల పేర్లు రాయం. నమూనాలను ఒకే చోట కాకుండా రెండు చోట్ల పరీక్షింపజేస్తాం. తేలిన అంకెలు, సున్నాలతో సహా, వచ్చే ఏడు ఈ వేదిక మీదే తెలుగులో చదువుతాం.

ఆ నోటుపుస్తకం మొదటి పేజీ నిన్న రాత్రి రాశాను. అయివారి ఇంట్లో ఆయన మజ్జిగ తాగిన స్టీలు గ్లాసును వాళ్ళ కోడలు దాచి ఉంచారు. అడిగితే ఇచ్చారు. నీళ్ళు పోసి కొలిచాను. అంచు దాకా 260 మిల్లీలీటర్లు, ఎవరికైనా పోసిచ్చేటప్పుడు మనం ఆపే గీత దాకా 210.